చేత్తో చేసుకునే చేతి గడియారం

గడియారం అన్న మాటలోనే గడియ ఉంది. తలుపుకు వేసే గడియ కాదు, కాలాన్ని కొలిచే గడియ. మన పెద్దలు ఒక రోజును అరవై గడియలుగా పంచుకున్నారు. ఇరవై నాలుగు గంటలను అరవైతో భాగించి చూడండి, ఒక గడియకు 24 నిమిషాలు వస్తాయి. గడియలో అరవయ్యో వంతు విగడియ, అంటే 24 సెకన్లు. ఇంట్లో పంచాంగం ఉంటే తెరిచి చూడండి, తిథి పక్కన ఇప్పటికీ ఘడియలు, విఘడియలు ఉంటాయి. "గడియ సేపు కూర్చోరా" అని అమ్మమ్మ అంటే, లెక్క ప్రకారం ఇరవై నాలుగు నిమిషాలు కూర్చోవాలన్నమాట.

ఆ గడియను ఎలా కొలిచేవారు? అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ళ తొట్టిలో వదిలేవారు. రంధ్రంలోంచి నీళ్ళు ఎక్కుతూ ఎక్కుతూ గిన్నె మునిగిపోయేది. మునగడానికి సరిగ్గా ఒక గడియ పట్టేలా రంధ్రం చేసేవారు. మునగగానే గంట కొట్టి, గిన్నెను తీసి మళ్ళీ వదలాలి. ఈ ఏర్పాటులో రెండు పనులు ఉన్నాయి. ఒకటి, ఎప్పుడూ ఒకే వ్యవధిలో మళ్ళీ మళ్ళీ జరిగే పని, అంటే గిన్నె మునగడం. రెండోది, అది ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడం, అంటే గంట కొట్టే మనిషి. ప్రపంచంలో ఏ గడియారం తీసుకున్నా ఉండేవి ఈ రెండే. మనం ఇప్పుడు చేయబోయే చేతి గడియారంలో గిన్నె స్థానంలో ఒక చిన్న క్వార్ట్జ్ ముక్క ఉంటుంది, గంట కొట్టే మనిషి స్థానంలో ఒక చిప్ ఉంటుంది.

ముందుగా ఒక మాట. మేము తెలుగు చెప్పేవాళ్ళం, ఎలక్ట్రానిక్స్ చెప్పేవాళ్ళం కాదు. అయినా బదిలీ అయిన ప్రతి చోటా పిల్లలతో కలిసి ఏదో ఒకటి చేయిస్తూ వచ్చాం. పెద్ద సామాను కావలసిన సరదాలు మన ఇళ్ళలో నిలవవు. చేపల తొట్టి లారీ ఎక్కదు, పెరటి మొక్కలు తరవాత వచ్చేవాళ్ళవి అవుతాయి. ఈ గడియారానికి కావలసినదంతా ఒక టిఫిన్ డబ్బాలో పడుతుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాం.

ఇక క్వార్ట్జ్ సంగతి. క్వార్ట్జ్ అంటే స్ఫటికం. 1880లో ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు ఇలాంటి స్ఫటికాలను నొక్కితే వాటి అంచుల్లో విద్యుత్తు పుడుతుందని గమనించారు. దీనికి తిరగబడ్డ పని కూడా జరుగుతుంది. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కొద్దిగా వంగుతుంది. సైన్సు ల్యాబులో శ్రుతిదండం చూసే ఉంటారు, రెండు కొమ్ములు ఉండి, కొడితే మోగేది. వాచీలోని క్వార్ట్జ్ ముక్కను అచ్చం ఆ ఆకారంలోనే కోస్తారు. బియ్యపు గింజంత లోహపు గొట్టంలో దాన్ని పెట్టి మూసేస్తారు. ల్యాబులోని శ్రుతిదండం సెకనుకు 256 సార్లో 512 సార్లో ఊగితే, ఇది 32,768 సార్లు ఊగుతుంది. మన చెవికి వినబడే హద్దు సుమారు 20,000 కాబట్టి దీని మోత మనకు వినబడదు.

ఈ 32,768 అనే వింత అంకె ఎందుకు? దాన్ని రెండుతో భాగిస్తూ పోండి. 16,384, 8,192, 4,096, 2,048, 1,024, 512... ఇలా పదిహేను సార్లు భాగిస్తే చివరికి ఒకటి మిగులుతుంది. ఎక్కడా శేషం రాదు. సగం చేయడం ఎలక్ట్రానిక్స్‌లో అన్నిటికంటే తేలికైన పని. పదిహేను సార్లు సగం చేస్తే సెకనుకు ఒకే ఒక్క టిక్కు దొరుకుతుంది. ఆరో తరగతి పిల్లలతో బోర్డు మీద ఈ భాగహారం చేయించినప్పుడల్లా చివర్న ఒకటి రాగానే చప్పట్లు కొడతారు. కొట్టవలసిన సంగతే.

1927లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వారెన్ మారిసన్ క్వార్ట్జ్‌తో మొదటి గడియారం చేసినప్పుడు దాని పరికరాలకు బోలెడంత చోటు కావలసి వచ్చింది. అది చేతి మీదికి రావడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది. జపాన్‌కు చెందిన సీకో కంపెనీ 1969 డిసెంబరు 25న ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్లు. ఆ రోజుల్లో ఆ డబ్బుతో అక్కడ ఒక కారు వచ్చేది. మన దేశంలో అప్పుడు కీ ఇచ్చే వాచీల కాలం. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల కర్మాగారం మొదలైంది. మీ తాతగారి పెట్టెలో హెచ్‌ఎంటీ జనతా ఉంటే జాగ్రత్తగా తీసి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోండి, చాలావరకు ఇంకా నడుస్తూనే ఉంటాయి. ఒకప్పుడు కారంత ఖరీదు చేసిన క్వార్ట్జ్ ముక్క ఇప్పుడు దుకాణంలో కొన్ని రూపాయలకు వస్తుంది. కొననక్కర లేదు కూడా. ఆగిపోయిన గోడ గడియారాన్ని విప్పితే చిన్న పచ్చ బోర్డు మీద ఆ వెండి గొట్టం కనిపిస్తుంది, దాన్నే తీసి వాడుకోవచ్చు.

ముళ్ళు తిరిగే వాచీ కావాలనుకునేవాళ్ళకు ఇంకో దారి ఉంది. లోపలి యంత్రం, డయలు, ముళ్ళు, కేసు, బెల్టు విడివిడిగా కొని కూర్చుకోవచ్చు. చూడడానికి అందంగా ఉంటుంది. కానీ అసలు పని అంతా ముందే ఎవరో చేసి పెట్టి ఉంటారు, మనకు మిగిలేది బిగించడమే. కాలాన్ని మనమే లెక్కపెట్టే వాచీ మాకు ఎక్కువ ఇష్టం, కాబట్టి దాని గురించే చెబుతాం.

కావలసినవి ఇవి. ఏటీమెగా328పీ అనే ఇరవై ఎనిమిది కాళ్ళ చిప్, దాని సాకెట్. 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్. మూడు మిల్లీమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీలు పన్నెండు. 220 ఓముల రెసిస్టర్ ఒకటి. 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి. నొక్కితే పనిచేసే చిన్న బటన్. సీఆర్2032 సెల్లు, దాని హోల్డరు. అయిదు సెంటీమీటర్ల చదరంగా కోసిన జీరో పీసీబీ ముక్క, డాట్ బోర్డు అని అడిగినా ఇస్తారు. అన్నీ కలిపి ఊరిని బట్టి నాలుగైదు వందల రూపాయలు కావచ్చు. అందులో సగం పైన చిప్‌దే. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు, ఢిల్లీలో లాజ్‌పత్‌రాయ్ మార్కెట్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు ఇలాంటి వాటికి పేరున్న చోట్లు. మీ నాన్నగారి పోస్టింగు ఈ ఊళ్ళకు దూరంగా ఉంటే, సెలవులకు వెళ్ళేటప్పుడు దారిలో ఒక పూట ఆగితే సరిపోతుంది.

ఎల్‌ఈడీలు ఎర్రవే ఎందుకంటే, ఎర్రదానికి సుమారు రెండు వోల్టులు చాలు. తెలుపు, నీలం ఎల్‌ఈడీలకు మూడు వోల్టుల దాకా కావాలి. మన సెల్లు ఇచ్చేదే మూడు వోల్టులు. సెల్లు కాస్త నీరసించగానే అవి మినుకుమినుకుమంటాయి.

ఇప్పుడు ఈ పనిలో అన్నిటికంటే పెద్ద చిక్కు. సీఆర్2032 సెల్లులో సుమారు 220 మిల్లీయాంపియర్ అవర్ల నిల్వ ఉంటుంది. ఒక ఎల్‌ఈడీ వెలగడానికి అయిదు మిల్లీయాంపియర్లు తీసుకుంటుందనుకోండి. 220ని 5తో భాగిస్తే 44 గంటలు. అంటే రెండు రోజులు కూడా నిండకుండానే సెల్లు అయిపోతుంది. రెండు రోజులకో సెల్లు మార్చే వాచీ ఎవరికి కావాలి?

ఈ చిక్కు మనకు కొత్తగా వచ్చినది కాదు. 1972లో అమెరికాలో హామిల్టన్ కంపెనీ పల్సర్ అనే వాచీని విడుదల చేసింది. ఎర్ర అంకెలతో వెలిగే మొదటి చేతి గడియారం అదే. బంగారు కేసు, ధర 2,100 డాలర్లు. అంత డబ్బు పెట్టి కొన్నవాళ్ళు కూడా టైము చూడాలంటే రెండో చేత్తో బటన్ నొక్కవలసిందే. మామూలుగా దాని ముఖం చీకటిగా ఉండేది. మనమూ అదే దారిలో వెళ్దాం. వాచీ పగలంతా నిద్రపోవాలి. బటన్ నొక్కినప్పుడే లేచి టైము చెప్పి మళ్ళీ పడుకోవాలి. అయితే నిద్రలో కూడా లెక్క తప్పకూడదు.

ఏటీమెగా చిప్‌లో ఈ సౌకర్యం ఉంది. అసలు చిప్‌లో రెండు గడియారాలు ఉంటాయనుకోండి. ఒకటి చిప్ లోపలే పుట్టే చప్పుడు, సెకనుకు సుమారు పది లక్షలు. దాంతో చిప్ తన పనులు చేసుకుంటుంది. కానీ అది నమ్మదగినది కాదు. నూటికి ఒకటి తేడా వచ్చినా రోజుకు 14 నిమిషాలు తప్పుతుంది, దాని తేడా అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. రెండోది మనం తగిలించే క్రిస్టల్. చిప్ నిద్రపోయినప్పుడు మొదటిది ఆగిపోతుంది, క్రిస్టల్ మాత్రం ఊగుతూనే ఉంటుంది. దానికి అతికి ఉన్న చిన్న లెక్కపెట్టె, టైమర్2 అంటారు, 0 నుంచి 255 దాకా లెక్కపెట్టి మళ్ళీ సున్నాకు వస్తుంది. క్రిస్టల్ చప్పుళ్ళను 128కి ఒకటి చొప్పున దానికి అందించమని మనం చెబుతాం. 32,768ని 128తో భాగిస్తే 256. అంటే ఆ లెక్కపెట్టె ఒక చుట్టు పూర్తి చేసేసరికి సరిగ్గా ఒక సెకను. చుట్టు పూర్తికాగానే చిప్‌ను తట్టి లేపుతుంది. చిప్ లేచి "సెకను ఒకటి కలిసింది" అని రాసుకుని మళ్ళీ పడుకుంటుంది. సెకనులో వెయ్యో వంతు కూడా మెలకువగా ఉండదు. గంట కొట్టి మళ్ళీ కునుకు తీసే పాతకాలపు మనిషి లాంటిదే.

ఇలా పడుకున్న చిప్ తీసుకునేది ఒకటి రెండు మైక్రోయాంపియర్లు. రెండు అనుకుంటే రోజుకు 0.048 మిల్లీయాంపియర్ అవర్. మీరు రోజుకు ఇరవై సార్లు టైము చూస్తారు, చూసినప్పుడల్లా ఎల్‌ఈడీ అయిదు సెకన్లు వెలుగుతుందనుకోండి. మొత్తం 100 సెకన్లు, అంటే గంటలో 36వ వంతు. ఐదు మిల్లీయాంపియర్ల చొప్పున 0.139. రెండూ కలిపితే రోజుకు 0.187. 220ని దీంతో భాగిస్తే 1,170 రోజుల పైన, అంటే మూడేళ్ళకు పైగా. ఇది కాగితం మీది లెక్క. సెల్లు ఊరికే ఉన్నా కొంత తగ్గుతుంది, మొదటి వారం స్నేహితులందరికీ చూపించడానికి రోజుకు రెండు వందల సార్లు నొక్కుతారు. రెండేళ్ళు నడిస్తే బాగా చేసినట్టే.

కలపడం కష్టం కాదు. చిప్‌కు ఒక చివర చిన్న గంటు ఉంటుంది. గంటు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ వైపు పై కాలు 1. కిందికి దిగుతూ 14, మళ్ళీ కుడి వైపు కింద నుంచి పైకి 15 నుంచి 28. సెల్లు ప్లస్‌ను 7, 20 కాళ్ళకు, మైనస్‌ను 8, 22 కాళ్ళకు ఇవ్వండి. కెపాసిటర్‌ను 7కీ 8కీ మధ్య పెట్టండి. క్రిస్టల్ రెండు కాళ్ళు 9, 10కి. బటన్ ఒక కొస 4కు, రెండో కొస మైనస్‌కు. ఎల్‌ఈడీల పొడుగు కాళ్ళను వరసగా 2, 3, 5, 6, 11, 12, 13, 14, 15, 16, 23, 24 కాళ్ళకు కలపండి. పొట్టి కాళ్ళన్నీ ఒక్కచోట కలిపి, అక్కడి నుంచి 220 ఓముల రెసిస్టర్ మీదుగా మైనస్‌కు. పన్నెండు ఎల్‌ఈడీలకు ఒకే రెసిస్టర్ ఎలా చాలుతుందని అడగవలసిందే. ఒకసారికి ఒకే ఎల్‌ఈడీ వెలుగుతుంది కాబట్టి చాలుతుంది. ప్రోగ్రాము ఈ నియమాన్ని తప్పకూడదు.

మొదట ఇదంతా బ్రెడ్‌బోర్డు మీద సోల్డరింగ్ లేకుండా గుచ్చి చూడండి. పనిచేశాకే డాట్ బోర్డు మీదికి రండి. బోర్డు మధ్యలో సాకెట్, దాని చుట్టూ 42 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వలయంలో ఎల్‌ఈడీలు, కింది వైపు సెల్లు హోల్డరు. సాకెట్ మధ్య ఖాళీ ఉంటుంది, క్రిస్టల్‌ను అందులో పడుకోబెడితే దాని కాళ్ళు పొట్టిగా ఉంటాయి, దెబ్బ కూడా తగలదు. దాని కాళ్ళు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. వంచేటప్పుడు మొదట్లో చిన్న పటకారుతో పట్టుకుని వంచాలి, లేకపోతే గొట్టం దగ్గర పుటుక్కున విరుగుతాయి. వేడి కూడా రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ తగలనివ్వకండి.

టైము చదవడం ఒక ఆట. బటన్ నొక్కగానే ముందు గంట ఎల్‌ఈడీ నిలకడగా వెలుగుతుంది. తరవాత నిమిషాల ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఒక్కొక్కటి అయిదు నిమిషాలకు గుర్తు. మిగిలిన నిమిషాలకు అదే ఎల్‌ఈడీ అన్నిసార్లు కన్ను కొడుతుంది. ఉదాహరణకు 7 గంటల 23 నిమిషాలు అనుకోండి. ఏడో స్థానం వెలిగి ఆరుతుంది. ఆపైన నాలుగో స్థానం వెలుగుతుంది, అంటే ఇరవై. అది మూడుసార్లు కన్ను కొడుతుంది, ఇరవై మూడు. రెండు రోజుల్లో అలవాటైపోతుంది. పక్కవాళ్ళకు మాత్రం అర్థం కాదు, అదే ఇందులోని మజా.

ప్రోగ్రాము రాయడానికి ఒక ఆర్డుయినో ఊనో బోర్డు కావాలి. బడి అటల్ టింకరింగ్ ల్యాబులో ఉంటే అదే వాడుకోవచ్చు. ఊనో బోర్డు ఇక్కడ చిప్‌లోకి ప్రోగ్రాము ఎక్కించే సాధనం మాత్రమే. దుకాణంలో ఖాళీ చిప్ అడిగి తీసుకోండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త చిప్ తన లోపలి గడియారంతోనే నడిచేలా అమర్చి ఉంటుంది, మనకు కావలసింది అదే. బూట్‌లోడర్ ఎక్కించి అమ్మేవి బయట 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటేనే కదులుతాయి. అదే కారణంగా కంప్యూటర్లో ఊనో పేరు ఎంచుకుని "బర్న్ బూట్‌లోడర్" నొక్కకండి, నొక్కితే చిప్ మన సర్క్యూట్లో ఉలకదు పలకదు. ఇంకొకటి, ఆర్డుయినో పద్ధతిలో రాస్తే అనలాగ్ కొలతల విభాగం తనంతట తానే తెరుచుకుంటుంది. పడుకునే ముందు దాన్ని ఆపమని ప్రోగ్రాములో రాయాలి. రాయకపోతే నిద్రలోనూ వందల మైక్రోయాంపియర్లు కారిపోతాయి, సెల్లు నెల రోజుల్లో ఖాళీ అవుతుంది. టైము సరిచేయడానికి పెద్ద ఏర్పాటు అక్కర లేదు. ప్రోగ్రాము 12:00 నుంచి మొదలయ్యేలా రాసి, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు సెల్లు పెట్టండి!

బోర్డు అంచుల్లో రెండు చీలికలు కోసి గుడ్డ బెల్టు దూర్చితే చేతికి నిలుస్తుంది. పైన మిఠాయి డబ్బా పారదర్శకపు మూతను గుండ్రంగా కత్తిరించి బిగిస్తే దుమ్ము పడదు. చెమటకు రాగి గీతలు పచ్చబడతాయి కాబట్టి అడుగున పలచని ప్లాస్టిక్ లేదా తోలు ముక్క తప్పనిసరి.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. మొదటిది సోల్డరింగ్ ఐరన్. దాని కొన 300 డిగ్రీలు దాటుతుంది. పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే, కిటికీ తెరిచి చేయండి. తగరంతో పాటు సీసం కలిసిన తీగ అయితే పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మధ్యలో ఏమీ తినకూడదు. రెండోది సెల్లు. ఇది ఇంకా ముఖ్యం. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లో ఉంటే ఆ మెరిసే బిళ్ళ నోట్లోకి వెళ్తుంది. మింగిన బిళ్ళ గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. కొత్తదే కాదు, అయిపోయిన సెల్లు కూడా అంతే. మింగారేమో అని అనుమానం వచ్చినా సరే, కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. హోల్డరు మీద స్క్రూతో బిగించే మూత పెట్టండి. తీసేసిన సెల్లుకు రెండు వైపులా టేపు చుట్టి, అందని చోట ఉంచి, ఈ-వ్యర్థాల డబ్బాలో వేయండి.

మరో జాగ్రత్త ఇంకో రకమైనది. 2015లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పద్నాలుగేళ్ళ విద్యార్థి ఇంట్లో తాను కూర్చిన గడియారాన్ని ఉపాధ్యాయులకు చూపిద్దామని బడికి తెచ్చాడు. వైర్లూ సర్క్యూటూ చూసి అది బాంబులా ఉందని అనుమానించారు. పోలీసులు వచ్చి పిల్లవాడికి సంకెళ్ళు వేసి తీసుకెళ్ళారు. తరవాత కేసు ఏమీ పెట్టలేదు, చాలామంది అతని పక్షాన మాట్లాడారు. కానీ ఆ పూట ఆ పిల్లవాడు పడ్డది పడ్డదే. మా అభిప్రాయం అడిగితే తప్పు పెద్దవాళ్ళదే అంటాం. అయినా మన పిల్లలు ఎక్కువగా కంటోన్మెంట్లలో, ప్రాజెక్టు కాలనీల్లో ఉంటారు, రైళ్ళూ విమానాలూ ఎక్కుతూ ఉంటారు. గేటు దగ్గరి అంకుల్ తన పని తాను చేయాలి కదా. కాబట్టి బడికి తెచ్చే ముందు మీ సైన్సు మాస్టారికో టీచరుగారికో ఒక మాట చెప్పండి. వైర్లు బయటికి కనిపించకుండా మూయండి. ప్రయాణంలో చేతికి పెట్టుకోకుండా, సెల్లు తీసి వేరుగా ఉంచండి. బోర్డు పరీక్షల హాల్లోకి ఈ వాచీ వద్దు, అక్కడ ముళ్ళ వాచీయే మంచిది.

ఇక అసలు ప్రశ్న, ఇది సరైన టైము చూపిస్తుందా? మామూలు క్రిస్టల్ మీద పది లక్షల్లో 20 దాకా తేడా ఉండవచ్చని రాస్తారు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి అది రోజుకు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్లు అవుతుంది. దీన్ని మనమే తగ్గించుకోవచ్చు. ఫోనులోని టైముతో సెకన్లు సహా పోల్చి రాసుకోండి. పది రోజుల తరవాత మళ్ళీ పోల్చండి. పది రోజుల్లో వాచీ 12 సెకన్లు ముందుకు పోయిందనుకుందాం. రోజుకు 1.2 సెకన్లు. 86,400ను 1.2తో భాగిస్తే 72,000. అంటే ప్రతి 72,000 సెకన్లకు ఒక సెకను లెక్కలోంచి తీసేయమని ప్రోగ్రాములో ఒక్క వరస కలిపితే చాలు. వెనకబడితే అదే చోట ఒక సెకను కలపండి. పంచాంగంలో అధిక మాసం కలిపినట్టే ఇది కూడా.

కానీ ఊరు మారితే లెక్క మారుతుంది. క్వార్ట్జ్ శ్రుతిదండం 25 డిగ్రీల దగ్గర అన్నిటికంటే వేగంగా ఊగుతుంది. అక్కడి నుంచి ఎటు జరిగినా నెమ్మదిస్తుంది. చలికి నెమ్మదిస్తుందంటే, వేడికి వేగం పెరగాలి కదా అనిపిస్తుంది. అలా జరగదు, రెండు వైపులా నెమ్మదే. ఎంత నెమ్మదిస్తుందో కనుక్కోవడానికి 25 నుంచి ఎన్ని డిగ్రీలు జరిగామో దాన్ని వర్గం చేసి 0.034తో గుణించాలి. వచ్చిన జవాబు పది లక్షల్లో అంత. లేహ్‌లో చలికాలం వరండాలో సున్నాకు పది డిగ్రీల కింద వాచీని వదిలేశారనుకోండి. తేడా 35 డిగ్రీలు, వర్గం 1,225, గుణిస్తే సుమారు 41.7. రోజుకు 3.6 సెకన్ల నష్టం. జైసల్మేరులో 45 డిగ్రీల ఎండలో తేడా 20, వర్గం 400, గుణిస్తే 13.6. రోజుకు 1.2 సెకన్ల నష్టం. అదే వాచీ చేతికి ఉండి, స్వెట్టరు చేతి కింద 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే తేడా రోజుకు సెకనులో పదో వంతు కూడా ఉండదు. ఈ వాచీని బల్ల మీద కంటే చేతికే ఉంచుకోవడం మంచిదని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర లేదు.

బదిలీ అయితే టైము మార్చాలా? దేశం లోపల అక్కర లేదు. మన ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు. మీర్జాపూరు పేరు భూగోళం పుస్తకంలో చదివే ఉంటారు. ఆ గీతే దక్షిణానికి దిగి మన కాకినాడకు కాస్త తూర్పుగా సముద్రంలో కలుస్తుంది. అరుణాచల్ ప్రదేశ్ తూర్పు కొసకూ గుజరాత్ పడమటి కొసకూ దాదాపు 29 డిగ్రీల దూరం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యోదయంలో సుమారు రెండు గంటల తేడా వస్తుంది. తేజు నుంచి భుజ్‌కు బదిలీ అయిన పిల్లలకు, ఉదయం అసెంబ్లీకి ఇంకా చీకటిగా ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. వాచీ మాత్రం రెండు చోట్లా ఒకే టైము చెబుతుంది. సరిహద్దు దాటితే మార్చాలి. కాఠ్మండులోని కేంద్రీయ విద్యాలయంలో చేరేవాళ్ళు పదిహేను నిమిషాలు ముందుకు జరపాలి, మన వాచీలో అది సరిగ్గా మూడు ఎల్‌ఈడీల దూరం. ఢాకా, థింఫూ అరగంట ముందు, ఆరు ఎల్‌ఈడీలు. మాస్కో బడికి వెళ్ళేవాళ్ళకు రెండున్నర గంటలు వెనక్కి.

వాచీ చేసినవాళ్ళు మాకు ఒక ఉత్తరం రాయండి, తెలుగులోనే. ఊరి పేరు, నెల, పది రోజుల్లో ఎన్ని సెకన్లు ముందుకు లేదా వెనక్కి పోయింది, అన్నాళ్ళూ చేతికి ఉందా బల్ల మీద ఉందా. సెకన్లు పోల్చేటప్పుడు ఇద్దరు ఉంటే మేలు. ఒకరు ఫోను చూస్తూ "ఇప్పుడు" అనాలి, రెండోవారు బటన్ నొక్కాలి.